మాట పడిపోయినవారి చేతిలో ఫోన్

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ వృత్తి గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పండమ్మా" అన్నారు. నాది స్పీచ్ థెరపీ. ఈ బడిలో పదో తరగతి పాసయ్యాక ఇంటర్, ఆ తర్వాత మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదువు. అది 1965లో పెట్టిన సంస్థ. మన దేశంలో ఈ వృత్తిలో ఉన్న చాలామందికి అదే పుట్టిల్లు. తిరిగి వచ్చి ముప్పై ఏళ్ళుగా సికింద్రాబాదులోనే పని చేస్తున్నాను. మాట ఇంకా రాని పిల్లలు, వచ్చిన మాట పోయిన పెద్దలు, రోజూ వాళ్ళతోనే నా కాలం గడుస్తుంది. వృత్తి గురించి మొత్తం చెప్పబోతే భోజనాలు చల్లారిపోతాయి. అందుకని ఒక్క సంగతే ఎంచుకున్నాను. మాట పడిపోయిన మనిషికి ఈ ఫోను, ఈ ఇంటర్నెట్టు ఎంతవరకు అందుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నదే ఆ సంగతి.

ఇదే ఎందుకంటే, ఈ సభకు రావడానికి మీరంతా వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కారు. పేరు, బ్యాచ్, సెక్షన్, ఊరు టైపు చేశారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టారు. భోజనం కూపన్‌కు క్యూఆర్ కోడ్ వచ్చింది. నాకు రెండు నిమిషాలు పట్టింది. మా బ్యాచ్‌లోనే ఒకాయనకు నాలుగు రోజులైనా ఆ పని కాలేదు. చివరికి ఆయన భార్య చేసి పెట్టారు. ఆయన చదువుకున్నవాడే, ఫోన్ బాగా తెలిసినవాడే. ఇప్పుడు మీ మధ్యే కూర్చున్నారు. పేరు చెప్పను. కథ మాత్రం ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఆ అనుమతి ఎలా ఇచ్చారో కూడా చెప్పాలి. ఈ ప్రసంగంలోని విషయాలు చిన్న చిన్న వాక్యాలుగా, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇచ్చాను. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివి, రెండు చోట్ల పెన్నుతో కొట్టేసి, మిగతాదానికి బొటనవేలు ఎత్తారు. కొట్టేసిన ఆ రెండూ ఏమిటని తర్వాత నన్ను అడగకండి.

ఆయనకు వారాసిగూడ వైపు పైపులు, కుళాయిలు, రంగులు అమ్మే దుకాణం ఉంది. తండ్రి పెట్టింది. కరోనా కాలం నుంచి ఆ దుకాణం సగం వాట్సాప్‌లోనే నడుస్తోంది. ప్లంబర్లు వాయిస్ మెసేజ్‌లో సామాన్ల జాబితా చెబుతారు. ఈయన ధర టైపు చేసి పంపుతారు. వాళ్ళు డబ్బు వేస్తారు, సామాను ఆటోలో వెళ్తుంది. యాభై రెండో ఏట ఒక ఉదయం ఆయనకు కుడి చెయ్యి, మూతి పక్షవాతంతో పడిపోయాయి. కొన్ని నెలలకు చెయ్యి తిరిగి వచ్చింది. మాట రాలేదు. డిగ్రీ చదువుతున్న కొడుకు ఒక ఏడాది కాలేజీ మానేసి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

మా బ్యాచ్ గ్రూపులో నూట నలభై మంది ఉన్నాం. మూడో నెలలో ఆయన గ్రూపులోంచి బయటికి వెళ్ళిపోయారు. 'అలిగాడు' అన్నారు కొందరు. 'డబ్బు ఇబ్బందేమో, అడుగుతామని భయం' అన్నారు ఇంకొకరు. అసలు సంగతి వేరు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే రెండు వందల మెసేజ్‌లు. ఒక్కటి చదివి అర్థం చేసుకునేసరికి పైనుంచి ఇంకో పది వచ్చి పడుతున్నాయి.

*

మన వాడుకలో 'మాట పడిపోయింది' అంటాం. ఆ ఒక్క పలుకుబడి కింద వేర్వేరు జబ్బులు దాక్కుని ఉన్నాయి. ఒకదానిలో నాలుక, పెదవులు, గొంతు కండరాలు బలహీనమై మాట ముద్దగా వస్తుంది. ఆ మనిషి తలలో మాటలు భద్రంగానే ఉంటాయి, రాసి చూపించగలడు. అలాంటివారికి ఫోన్ నిజంగా వరం. టైపు చేస్తే అదే చదివి వినిపిస్తుంది. రెండోదాన్ని అఫేసియా అంటాం. ఇక్కడ దెబ్బ తగిలేది భాషకే. మాట్లాడడం, విన్నది గ్రహించడం, చదవడం, రాయడం, ఈ నాలుగూ ఎంతో కొంత దెబ్బ తింటాయి. ఒకరిలో ఒకటి ఎక్కువ, ఇంకొకరిలో ఇంకొకటి. మా మిత్రుడు 'కుళాయి' అనబోతే 'కిటికీ' అని వస్తుంది. తప్పు వచ్చిందని ఆయనకే ముందు తెలుస్తుంది. తల అడ్డంగా ఊపి, మళ్ళీ ప్రయత్నిస్తారు. చుట్టాలు వచ్చి పెన్ను చేతిలో పెట్టి 'పోనీ రాసి చూపించు' అంటారు. మాట దొరకనప్పుడు దాని స్పెల్లింగూ దొరకదని వాళ్ళకు తెలియదు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఏ ప్రశ్న అడిగినా ఆ మనిషి నోటి నుంచి 'టాన్' అనే ఒక్క శబ్దమే వచ్చేది. అయినా చెప్పింది చాలావరకు గ్రహించేవాడు, అంకెలు వేళ్ళతో చూపించేవాడు. అతను చనిపోయాక మెదడు పరీక్షిస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ కనిపించింది. మా వృత్తికి అక్కడే పునాది పడింది. మాట పోయినంత మాత్రాన బుద్ధి పోదన్నది అప్పటి నుంచి తెలిసిన విషయమే. అయినా నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆసుపత్రిలో మనిషి ఎదురుగా ఉండగానే పక్కనున్న భార్యను 'ఈయనకు ఏం తెలుస్తుంది?' అని అడుగుతూనే ఉంటారు.

మన ఊరి పరిశోధన ఒకటి చెప్పాలి. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు, అంతకు మించి వచ్చినవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం వంటి శక్తులు మామూలుగా నిలిచాయి. ఒకే భాష వచ్చినవారిలో అలా నిలిచింది 19.6 శాతం మందికే. అఫేసియా వచ్చే అవకాశం మాత్రం ఇద్దరిలోనూ దాదాపు సమానం. ప్రపంచమంతా ఆసక్తిగా చూసిన పరిశోధన ఇది. హైదరాబాదులోనే ఇది సాధ్యపడడంలో వింత లేదు. మన పద్మారావు నగర్ సంగతే చూడండి. ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, కూరగాయల బండి దగ్గర హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. స్కందగిరి గుడి మెట్ల మీద కాసేపు కూర్చుంటే చాలు, నాలుగు భాషలు చెవిన పడతాయి.

ఇది ఫోన్‌కు సంబంధించిన విషయం కూడా. నాలుగు భాషలు వచ్చిన మనిషికి అఫేసియా వస్తే అన్నీ ఒకేలా తిరిగి రావు. పుట్టు భాషే ముందు వస్తుందని 19వ శతాబ్దంలో రిబో అన్నాడు. ఎక్కువగా వాడిన భాష వస్తుందని పిత్ర్ అన్నాడు. నా అనుభవంలో రెండూ చూశాను, రెండూ తప్పడమూ చూశాను. రైల్ నిలయంలో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు రాసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. పిల్లలు ప్రేమ కొద్దీ ఫోన్‌ను తెలుగులోకి మార్చి ఇచ్చారు. మాట్లాడడం తెలుగులోనే కాస్త మెరుగు, నిజమే. చదవడం మాత్రం ఇంగ్లీషులోనే తిరిగి వచ్చింది. ఫోన్‌లో 'అమరికలు', 'అనుమతించు' అన్న మాటలు చూసి తెల్లమొహం వేసేవారు. ఇంగ్లీషులోకి మార్చిన రోజే కూతురికి తనంతట తాను వీడియో కాల్ చేశారు. కాబట్టి ఇంట్లో ఇలాంటివారుంటే ఏ భాష మేలో మనమే నిర్ణయించేయకుండా, రెండు మూడు భాషల్లో చూపించి ఎక్కడ వేలు చురుగ్గా కదులుతుందో గమనించండి.

*

అంధులకు స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ ఉంది. వినిపించనివారికి వీడియో కింద అక్షరాలు వేస్తారు. సరిపోయినంతగా ఉన్నాయని అనను, కానీ ఆ దారులున్నాయి. రెండు దారులూ మాట నుంచి మాటకే. కంటికి అందని మాటను చెవికి, చెవికి అందని మాటను కంటికి అందిస్తాయి. మాటే దొరకనివాడి సంగతి వీటిలో దేనిలోనూ సరిగ్గా ఇమడలేదు.

పైగా తెలుగు టైపింగ్ చూడండి. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన దీర్ఘం, మొత్తం ఆరు మీటలు. మనకు వేళ్ళకు అలవాటై తెలియదు. అఫేసియా ఉన్నవారికి మూడో మీట దగ్గరికి వచ్చేసరికి ఏం రాస్తున్నామో జారిపోతుంది. పోనీ నోటితో చెబుదామంటే, గూగుల్ 2017 నుంచి తెలుగు మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యం ఇచ్చింది. మంచిదే, మా అమ్మ దానితోనే వంటలు వెతుక్కుంటుంది. కానీ మధ్యలో నాలుగు క్షణాలు ఆగితే మాట్లాడడం అయిపోయిందనుకుని అది మూసుకుంటుంది. మా మిత్రుడికి ఒక మాటకు, ఇంకో మాటకు మధ్య పట్టేదే ఆ నాలుగు క్షణాలు.

ఇప్పుడు మన గ్రూపుల సంగతి. మనలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. 'వచ్చాను' అన్న మాటను ఒకరు ఒక 'సి'తో రాస్తారు, ఒకరు రెండు 'సి'లతో, మన హైదరాబాదీలు కొందరు 'ఓ'తో మొదలుపెట్టి 'ఒచ్చిన' అని రాస్తారు. మీకూ నాకూ ఇబ్బంది లేదు. అక్షరాలు కూడబలుక్కుని, లోపల శబ్దం విని, అర్థం పట్టుకుంటాం. అఫేసియాలో చాలామందికి తెగిపోయేది సరిగ్గా ఆ దారే, అక్షరం నుంచి శబ్దానికి వెళ్ళే దారి. వాళ్ళు చాలావరకు మాటను మొత్తంగా, బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. 'నీళ్ళు' అని తెలుగు లిపిలో ఉంటే చిన్నప్పటి నుంచి వేల సార్లు చూసిన రూపం, పట్టుకోగలరు. ఇంగ్లీషు అక్షరాల్లో రోజుకో వేషంలో వచ్చే తెలుగుకు స్థిరమైన రూపమే లేదు, ఇక ఏం గుర్తుపడతారు? మా మిత్రుడు దినపత్రిక శీర్షికలు చదువుతారు, దుకాణం బిల్లులోని ఇంగ్లీషు పేర్లు చదువుతారు, మా బ్యాచ్ గ్రూపు మాత్రం చదవలేకపోయారు. ఇది తెలిసే వరకు అందరం ఆయన అలక గురించి మాట్లాడుకున్నాం.

వాయిస్ మెసేజ్‌ల గురించి ఒక మాట. 2021లో వాట్సాప్ వాటిని ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంగా వినే మీట ఇచ్చింది. నెమ్మదిగా వినే మీట ఇవ్వాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. యూట్యూబ్‌లో మాత్రం వేగం తగ్గించుకునే వీలుంది. మా క్లినిక్‌కు వచ్చేవారిలో కొందరు వార్తలు కూడా ముప్పావు వేగంతో యూట్యూబ్‌లోనే వింటారు. కొందరు వార్తా చదువరులను నేనూ అలాగే వింటాను, అది వేరే విషయం.

*

డబ్బు దగ్గరికి వద్దాం. పక్షవాతం వచ్చిన ఆరో నెలలో మా మిత్రుడి దుకాణం ఖాతా నుంచి పెద్ద మొత్తం ఒకటి వెళ్ళబోతే, ఏదో అనుమానంతో బ్యాంకు ఆపేసింది. ఏ బ్యాంకని చెప్పను. జాగ్రత్త మంచిదే. తర్వాత ధ్రువీకరణ కోసం ఫోన్ వచ్చింది. 'తెలుగు కొరకు రెండు నొక్కండి' దాటాక ఒక అమ్మాయి లైన్‌లోకి వచ్చి పుట్టిన తేదీ అడిగింది. ఆయనకు తన పుట్టిన తేదీ తెలుసు. నోటికి వచ్చింది వేరే నెల. మళ్ళీ అడిగింది, ఇంకో నెల వచ్చింది. పక్కనుంచి భార్య చెప్పబోతే, 'ఖాతాదారే మాట్లాడాలి మేడం' అంది. ఆ అమ్మాయి ముందున్న కాగితంలో అంతే రాసి ఉంటుంది, ఆమెను అని లాభం లేదు. మూడోసారి తప్పగానే ఖాతా స్తంభించింది. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో ఇద్దరు పాత ప్లంబర్లు వేరే దుకాణానికి వెళ్ళిపోయారు. చివరికి డాక్టరు ఉత్తరం, ఆధార్, ఆయన్నూ తీసుకుని బ్రాంచికి వెళ్తే మేనేజరు గారు ముఖం చూసి, సంతకం పోల్చి అరగంటలో తెరిచారు. ఎదురుగా వెళ్తే అరగంటలో అయ్యే పని, ఫోన్‌లో అసాధ్యమైంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, వాటిలో మాటకు చోటు లేదు. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. వాక్కు, భాషా వైకల్యం అందులో ఒకటి. అఫేసియా పేరు షెడ్యూల్‌లోనే ఉంది. ఆ చట్టం 'కమ్యూనికేషన్' అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో బ్రెయిలీ, సైగల భాషలతోపాటు సరళమైన భాష, మాటకు బదులుగా వాడే ఇతర పద్ధతులు కూడా ఉన్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒక వ్యక్తి వేసిన పిటిషన్లవి. బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటే ఆర్పలేనివారు ఏం చేయాలన్నది అక్కడి ప్రశ్న. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి కోర్టు ఇరవై ఆదేశాలిచ్చింది. ఆ కేసు కంటి గురించి, ముఖం గురించి వచ్చింది. కళ్ళు ఆర్పలేనివారికి ఇంకో దారి ఇవ్వాల్సి ఉన్నప్పుడు, పుట్టిన తేదీ నోటితో చెప్పలేనివాడికి ఎందుకు ఇవ్వకూడదన్నది నా వాదన. ఇక్కడ మన పూర్వ విద్యార్థుల్లో వకీళ్ళు ఎనిమిది మంది ఉన్నారని డైరెక్టరీలో చూశాను. అందుకే ఈ పేరా కాస్త పొడిగించాను.

వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి. 2023 అక్టోబరులో వచ్చిన వాటి కొత్త రూపంలో, లోపలికి రావడానికి మనిషి పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడమో, పజిల్ విప్పడమో తప్పనిసరి కాకూడదు, ఇంకో మార్గమో సాయమో ఉండాలి అని చేర్చారు. మన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ దానంతట అదే గడిలో పడడం చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది. ఆరంకెలు చదివి, తలలో పట్టుకుని, ఇంకో తెరమీద సరిగ్గా అదే వరసలో కొట్టడం అఫేసియా ఉన్నవారికి చిన్న పని కాదు. మన మధ్య సాఫ్ట్‌వేర్‌వాళ్ళకు కొదవ లేదు, అమెరికా నుంచి వచ్చినవారే వరుస నిండా కనిపిస్తున్నారు. రేపు మీరు తయారుచేసే తెరమీద టైమర్ పెట్టబోయే ముందు దీన్ని ఒక్కసారి తలచుకోండి.

*

మరి మా మిత్రుడు దుకాణానికి తిరిగి ఎలా వచ్చారు? బొమ్మలు నొక్కితే మాట వినిపించే యాప్‌లు మన దేశంలోనే తయారయ్యాయి. చెన్నైలో పుట్టిన 'ఆవాజ్' ఉంది. ఐఐటీ బొంబాయి వాళ్ళ 'జెల్లో' ఉంది. నేను పిల్లలతో వీటిని వాడతాను, బాగుంటాయి. మా మిత్రుడికి చూపిస్తే రెండు బొమ్మలు నొక్కి ఫోన్ బల్లమీద బోర్లించారు. గ్లాసుతో నీళ్ళు తాగుతున్న గుండుమొహం కార్టూన్ బొమ్మ యాభై ఏళ్ళ వ్యాపారి తరఫున మాట్లాడడం ఆయనకు నచ్చలేదు. ఆయనదే న్యాయం.

ఆయన సొంతంగా చేసుకున్నది ఫోన్ గ్యాలరీ. దుకాణంలో ప్రతి పైపు, ప్రతి ఎల్బో, ప్రతి కుళాయి ఫొటో తీసి, పక్కన సైజు, ధర రాసిన చీటీ పెట్టి మళ్ళీ తీశారు. మూడు వందలకు పైగా ఫొటోలు. కొడుకు వాటిని ఆల్బమ్‌లుగా సర్దాడు. ఇప్పుడు ప్లంబర్లు కూడా ఫొటోలే పంపుతారు, ఈయన ఫొటోతోనే జవాబిస్తారు, క్యాలిక్యులేటర్‌లో మొత్తం వేసి ఆ తెరను ఫొటో తీసి పంపుతారు. అంకెలు నోటితో తప్పుతాయి గానీ కంటితో తప్పవు. 'ఇదే నయం అన్నా, మాటల్లో సైజు తప్పు పోయేది' అని ఒక ప్లంబరు నా ముందే అన్నాడు. ఇంకో ఆల్బమ్‌లో ఇల్లు, డాక్టరు గారి బోర్డు, మందుల పట్టీలు, భార్య, కొడుకు. ఆటో ఎక్కితే మ్యాప్‌లో చుక్క చూపిస్తారు. ఫోన్ తెరమీద మొదటి ఫొటోగా మూడు వాక్యాల కార్డు పెట్టించాను: 'నాకు పక్షవాతం వచ్చింది. మాట దొరకదు, కానీ మీరు చెప్పేది తెలుస్తుంది. నెమ్మదిగా అడగండి.' దాన్ని వాడడానికి ఆయన ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

డబ్బుకు 2024లో వచ్చిన 'యూపీఐ సర్కిల్' అనే ఏర్పాటు కొందరికి ఉపయోగపడుతోంది. భార్య ఖాతాకు భర్తను జత చేస్తే, ఒకసారికి అయిదు వేలు, నెలకు పదిహేను వేలు దాటకుండా ఆయన పిన్ కొట్టకుండానే స్కాన్ చేసి చెల్లించవచ్చు. కూరగాయలు, మందులు, టీ ఖర్చు జరిగిపోతాయి. పిన్ ఒక చీటీ మీద రాసి ఫోన్ వెనక కవరులో పెట్టుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. అలా పెట్టుకున్నవాళ్ళను నేను లెక్కలేనంత మందిని చూశాను. మోసం జరిగితే ఫిర్యాదుకు 1930కి ఫోన్ చేయమంటారు. మాట లేనివాడు ఏం చేయాలి? సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది గానీ అక్కడ నింపాల్సింది మళ్ళీ మాటలే. ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో ముందే అనుకుని ఉండడం తప్ప నాకు ఇంకో ఉపాయం కనిపించలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. నాలుగు విడి మాటలు ఇస్తే చక్కని ఉత్తరం రాసి పెడుతోంది. నేను వాడిస్తున్నాను కూడా. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఆ ఉత్తరం ఆయన చెప్పదలచుకున్నదేనా అని ఆయన ముందు చిన్న ముక్కలుగా చదివి, అవును కాదు అనిపించుకోకుండా పంపకండి. ఒకావిడ 'కొడుకు, రావద్దు, ఎండ' అని ఇస్తే, అది 'నిన్ను చూడాలని లేదు' అన్న ధ్వనితో పెద్ద ఉత్తరం తయారుచేసింది. ఆవిడ చెప్పదలచింది ఎండల్లో ప్రయాణం చెయ్యొద్దు నాన్నా అని.

*

టీచర్లకు రెండు మాటలు. ఏ దెబ్బా తగలకుండానే భాష ఆలస్యంగా, కష్టంగా వచ్చే పిల్లలుంటారు. ఇంగ్లీషు దేశాల అధ్యయనాల ప్రకారం ముప్పై మంది తరగతిలో ఇద్దరు. చూపు, వినికిడి, తెలివి బాగానే ఉంటాయి, చెప్పింది ఒక పట్టాన ఎక్కదు. వాళ్ళకు మన తరగతుల్లో పడే పేరు 'మొద్దు' లేదా 'మాట వినడు'. 2016 చట్టం షెడ్యూల్‌లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద 'డెవలప్‌మెంటల్ అఫేసియా' అని ఒక మాట ఉంది. పరీక్షల్లో వెసులుబాటు అడగడానికి ఆ మాట పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు ఈ పిల్లలు పూర్తిగా వెనకబడతారని భయపడ్డాను. చాలామంది వెనకబడ్డారు కూడా. కానీ ఫోన్‌లో పాఠాన్ని ఆపుకుని, వెనక్కి తిప్పుకుని చూసే వీలున్న కొద్దిమంది పిల్లలు తరగతిలో కంటే బాగా పట్టుకున్నారు. టీచరు గారిని ఏడుసార్లు అడగలేరు, వీడియోను ఏడుసార్లు చూడగలరు. ఇప్పుడు బళ్ళన్నీ హోంవర్కు గ్రూపులో పెడుతున్నాయి. ఒకే పేరాలో పేజీ నంబరు, తేదీ, ప్రాజెక్టు, ఫీజు గుర్తుచేయడం అన్నీ కలిపేస్తారు. వరుసకు ఒక్క పని రాయండి. పుస్తకం పేజీ ఫొటో ఒకటి జత చేయండి. పిల్లలకే కాదు, రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చి ఫోన్ చూసే తల్లికీ అది చాలు.

2011 జనగణనలో దేశంలో మాటకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు దాదాపు ఇరవై లక్షలని తేలింది. అందులో అఫేసియా ఎందరికో విడిగా లెక్క లేదు. మన వీధి చివరనే గాంధీ ఆసుపత్రి ఉంది. మనం చదువుకునే రోజుల్లో అది స్టేషను దగ్గర ఉండేది, ఇక్కడ ముషీరాబాద్ జైలు ఉండేది. 2003లో ఇటు వచ్చింది. ఆ గేటులోంచి పక్షవాతం రోగులు రోజూ ఇంటికి వెళ్తుంటారు. కాళ్ళు చేతులకు వ్యాయామం చెప్పి పంపుతారు. ఫోన్ మళ్ళీ ఎలా వాడుకోవాలో చెప్పే తీరిక ఏ ఆసుపత్రిలోనూ ఎవరికీ ఉండదు.

అందుకని సంఘానికి నా విన్నపాలు. మా బ్యాచ్‌లో ఇప్పటికే ఒక చిన్న గ్రూపు విడిగా పెట్టాం, పన్నెండు మందిమి. తెలుగైతే తెలుగు లిపిలో, ఒక మెసేజ్‌కు ఒక్క విషయం, ఫార్వర్డులు లేవు, వాయిస్ అరనిమిషం దాటదు, జవాబు రేపు వచ్చినా ఎవరూ ప్రశ్నార్థకాలు పంపరు. మా మిత్రుడు అందులో రోజూ ఏదో ఒక ఫొటో పెడతారు. మొన్న మన బడి వేపచెట్టు పెట్టారు. మిగతా బ్యాచ్‌లు కూడా ఇలాంటిది ఒకటి పెట్టుకోవచ్చు. మీ బ్యాచ్‌లోంచి చెప్పకుండా వెళ్ళిపోయినవారి ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. ఫోన్ చేయకండి, వెళ్ళండి. వచ్చే ఏడాది సభకు నమోదు ఫారంతోపాటు ఒక కాగితం ఫారం, ఒక మనిషి కూడా ఉండాలని కార్యదర్శి గారిని అడిగాను. సరే అన్నారు. ఇందరి ముందు చెప్పేశాను కాబట్టి ఇక తప్పించుకోలేరు.

ప్రిన్సిపాల్ మేడం దయతో వచ్చే నెల నుంచి ప్రతి రెండో శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు మన కంప్యూటర్ గది ఇస్తున్నారు. మాట పడిపోయినవారినీ, వారి ఇంట్లో ఫోన్ సర్దిపెట్టే ఒకరినీ కలిపి తీసుకురండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఎనిమిది మంది సాయానికి ఒప్పుకున్నారు, ఫొటోలు ఆల్బమ్‌లుగా సర్దడం వాళ్ళు మనకంటే వేగంగా చేస్తారు. గది మొదటి అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కలేనివారికి కింద లైబ్రరీలో బల్ల వేయిస్తాం. ఛార్జరు తెచ్చుకోండి. చత్వారం కళ్ళజోడు మరిచిపోకండి, సగం మంది అదే మరిచిపోతారు.